చంద్రమతి మెళ్ళో తాళి జనానికి కనపడాలా?

వెదురుకర్ర:
పోయిన నెల మా బృందం హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను ఒక్కటే తీసుకుని యాభై నిమిషాల ప్రదర్శనగా వేసింది. కాటి తెర కట్టలేదు. పుర్రెల్లేవు, సమాధుల్లేవు, ఎర్ర బల్బు పెట్టిన అట్ట చితి లేదు. వెనక బూడిదరంగు గుడ్డ, హరిశ్చంద్రుడి చేతిలో కర్ర, నేల మీద ఒక పెట్రోమాక్స్ లైటు. అంతే. దీపం కింద ఉండేసరికి అతని నీడ వెనక గుడ్డ మీద తాడిచెట్టంత లేచింది. చంద్రమతి కొడుకును ఒళ్ళో పెట్టుకుని దీపం పక్కన కూలబడితే ఆమె ముఖం తప్ప ఇంకేమీ కనపడదు.

గొడవ దీని మీద కాదు, తాళి మీద. కథ అందరికీ తెలిసిందే. చంద్రమతి మంగళసూత్రం భర్తకు తప్ప పరుల కంటికి కనపడదు. కాటి సుంకం ఇచ్చుకోలేనంటే, మెళ్ళో తాళి ఉందిగా, అమ్మి కట్టమంటాడు కాటికాపరి. ఆ మాటతోనే ఆమెకు అతనెవరో తెలుస్తుంది. జనం పరులే కదా అని మేం ఆమెకు తాళి వెయ్యలేదు. హరిశ్చంద్రుడు జనానికి వీపు పెట్టి నిలబడి, కర్ర చివరతో ఆ బోసిమెడను చూపించి ఆ మాట అంటాడు. ఆమె చెయ్యి మెల్లగా మెడ మీదికి వెళ్తుంది. పది సెకన్లు మాట లేదు, పద్యం లేదు. ఫ్యాను చప్పుడు వినపడింది.

తర్వాత సగం మంది వచ్చి చేతులు పట్టుకున్నారు. మిగతా సగం అపచారం అన్నారు. మీరేమంటారు?

పెట్టె మాస్టారు:
బాబూ, 31 ఏళ్ళు హార్మోనియం పెట్టె వాయించాను. చంద్రమతి మెళ్ళో తాళి లేకుండా వేషం కట్టడం ఎక్కడా చూడలేదు. జనం పరులని ఎవరు చెప్పారు నీకు? విశ్వామిత్రుడి పన్నాగం హరిశ్చంద్రుడికి తెలీదు, జనానికి తెలుసు. పాము ఎవరు పంపితే వచ్చిందో కొడుకు లోహితుడికి తెలీదు, జనానికి తెలుసు. రాత్రి పదింటికి చాపేసుకుని కూర్చుని రెండింటిదాకా అన్నీ చూసినవాళ్ళకి తాళి ఒక్కటి చూపించవా? వాళ్ళు దేవతల్లాగా పైనుంచి చూస్తున్నారు, కథలోని పరాయివాళ్ళలాగా కాదు.

ఇంకోటి. కాటి తెర లేదన్నావు. "ఇచ్చోట" అని పద్యం ఎత్తుకుంటాడు కదా. ఎటు చూపిస్తూ ఎత్తుకున్నాడు మీవాడు? ఏసీ వైపా?

గ్యాలరీ టికెట్:
మా ఊళ్ళో ఒకసారి చంద్రమతి వేషం కట్టినాయన తాళి మర్చిపోయి వచ్చాడు. అప్పట్లో ఆడవేషం మగవాళ్ళే. హరిశ్చంద్రుడు అమ్మి కట్టమనగానే వెనకనుంచి ఒకాయన "ఏదయ్యా?" అని అరిచాడు. కాడంతా నవ్వులే. మీరు దానికి ప్రయోగం అని పేరు పెట్టారు, అంతే తేడా.

వెదురుకర్ర:
అందరికీ తాళి కనపడితే కాటికాపరి చెప్పిన మాటలో వింతేముంది మాస్టారూ? ఎదురుగా ఉన్న వస్తువును అమ్మమన్నాడు, అంతేగా. మెడ బోసిగా ఉంటే జనం కూడా ఒక్క క్షణం "ఏ తాళి?" అనుకుంటారు. వెంటనే తడుతుంది. ఆమెకు తట్టిన క్షణంలోనే వాళ్ళకీ తడుతుంది. గ్యాలరీ గారూ, మీ ఊళ్ళో ఆయన మర్చిపోయాడు కాబట్టి మిగతా నటులు తడబడ్డారు. మావాళ్ళు తడబడలేదు. నవ్వు వచ్చేది ఖాళీమెడ వల్ల కాదు.

"ఇచ్చోట" అన్నప్పుడు కర్రతో నేల మీద కొట్టాడు. ఆ మాటే కాడు. వెనక తెర మీద బొమ్మ ఉంటే మాటకు పనేముంది?

కూచిపూడి కోడలు:
వెదురుకర్ర గారితో ఏకీభవిస్తాను. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ప్రవేశం చూడండి. ఇద్దరు మనుషులు ఒక తెర పట్టుకుంటారు. దాని మీదుగా జడ ఒక్కటి ఇవతలికి పడుతుంది. మనిషి ఇంకా కనపడనే లేదు, ఆమె గర్వం అంతా సభలోకి వచ్చేసింది. మేడ లేదు, మంచం లేదు.

పెట్టె మాస్టారు:
అమ్మా, జడ కనపడింది కదా! జడ ఉన్నట్టు ఊహించుకోండి అనలేదు కదా! మీ ఉదాహరణ నా పక్షానే ఉంది.

తెరల బాబాయ్:
నేను తెరలు అద్దెకిచ్చేవాణ్ణి. దర్బారు, వీధి, అడవి, కాడు, నాలుగూ ఉండేవి. ఒక తెర పైకి పోయి ఇంకోటి దిగితే మూడు సెకన్లలో అయోధ్య అడవి అయ్యేది. సురభి నాటక సమాజం వాళ్ళు 1885 నుంచి ఈ తెరల మీదే బతికారు. మాయాబజార్‌లో వాళ్ళ ట్రిక్కులు చూసి పిల్లలు ఇప్పటికీ నోరు తెరుస్తారు. వాళ్ళకి చెప్పండి, గుడ్డ చాలు అని.

మా నాన్న రాయించిన కాటి తెరకి ఎడం పక్క మర్రిచెట్టు, కుడి మూల నక్క ఉండేవి. ఆ నక్క కళ్ళు చూసి నేను చిన్నప్పుడు తెర వెనక్కి వెళ్ళేవాణ్ణి కాదు. ఇప్పుడది అటక మీద ఉంది. ఏడాదిలో ఒక్కరు అడగలేదు. అందరికీ సింపుల్ కావాలి. సింపుల్ అంటే అద్దె లేకుండా అని అర్థం.

డల్లాస్ బావ:
మేం ఇక్కడ ఎల్ఈడీ గోడ మీద చితి మంటల వీడియో వేశాం. అదిరిపోయింది. హరిశ్చంద్రుడు మాత్రం ఫొటోల్లో పడలేదు, అందరూ మంటలే తీశారు.

వెదురుకర్ర:
బావ గారూ, నేను పేజీ రాసినా చెప్పలేనిది రెండు ముక్కల్లో చెప్పారు.

బాబాయ్, అద్దె మిగుల్చుకోడానికి కాదు. బుర్రకథలో కథకుడి చేతి తంబురా చూడండి. అదే కత్తి అవుతుంది, అదే గద అవుతుంది. నాట్యశాస్త్రంలోనే ఉంది, రంగం మీద ఒక చుట్టు తిరిగితే చోటు మారినట్టేనని. రంగుల తెరలే మనకు తర్వాత వచ్చాయి. సురభి గొప్పదే. కానీ వాళ్ళ కథలకి మాయలు కావాలి, ఘటోత్కచుడికి కావాలి. కొడుకు పోయిన తల్లికి ట్రిక్కు ఎందుకు?

పద్యప్రియ:
చిన్న సవరణ. "ఇచ్చోట" పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన హరిశ్చంద్ర నాటకంలోవి కావు. గుర్రం జాషువా గారి శ్మశానవాటి ఖండికలోవి. నటులు తెచ్చి కాటి సీనులో కలుపుకున్నారు.

వెదురుకర్ర:
మంచి మాట. నటులు బయటి పద్యాలు కలుపుకోవచ్చన్నప్పుడు దర్శకుడు కొన్ని తగ్గించుకోకూడదా?

పెట్టె మాస్టారు:
ఆగు. తగ్గించావా? ఎన్ని ఉంచావు?

వెదురుకర్ర:
మూడు. రాగం సాగదీయకుండా, మాట స్పష్టంగా వినపడేట్టు పాడించాం. జనం వన్స్‌మోర్ అన్నా మళ్ళీ పాడేది లేదని ముందే మైకులో చెప్పేశాం.

పెట్టె మాస్టారు:
అదీ సంగతి! ఇందాకటి నుంచీ గుడ్డ, దీపం, నీడ అని కబుర్లు చెబుతున్నావు. కాటి సీనుకు జనం వచ్చేది పద్యానికి. హరిశ్చంద్ర వేషానికి పేరుపడ్డ డి.వి. సుబ్బారావు గారు పద్యం ఎత్తుకుంటే వెనక ఏ తెర ఉందో ఎవడైనా చూశాడా? మూడు పద్యాలకి కాటి సీను అని పేరెందుకు, ఏకాంకిక అని పెట్టుకో. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పెట్టినప్పటి నుంచీ నాటకాన్ని బాగుచేస్తామనేవాళ్ళే. బాగుపడి బాగుపడి జనం లేకుండా పోయింది.

ఇంతకీ పెట్టె ఎక్కడ పెట్టావు?

తెరల బాబాయ్:
మాస్టారూ, తెర ఎవరూ చూడలేదంటారేంటి మళ్ళీ?

వెదురుకర్ర:
వింగులో, స్టేజీ పక్క చాటున. హార్మోనిస్టు జనానికి కనపడడు. శ్మశానంలో హార్మోనియం ఏమిటండీ?

పెట్టె మాస్టారు:
శ్మశానంలో పెట్రోమాక్స్ ఉంటుందా? ఫ్యాను ఉంటుందా? వాటికి లేని మైల పెట్టెకి వచ్చిందా? మీలాంటివాళ్ళకి మేం కంట్లో నలుసులం. పాట కావాలి, పాటకు ఊపిరిచ్చేవాడు కనపడకూడదు. సిగ్గుండాలి.

గ్యాలరీ టికెట్:
తాళి నుంచి పెట్టెకి వచ్చాం. తర్వాతి స్టేషను ఏది?

మోడరేటర్:
సిగ్గు, మైల లాంటి మాటలు వద్దు. ఇద్దరూ కాస్త తగ్గండి. ఈ చర్చకు తాళం వేయించకండి.

కాటి చంద్రమతి:
నిన్నటి నుంచి మగవాళ్ళు నా మెడ గురించి కొట్టుకుంటున్నారు, నన్ను అడిగినవాళ్ళు లేరు. చంద్రమతి వేషం ఇరవై రెండేళ్ళు కట్టాను.

పాత పద్ధతిలో స్టేజీ ముందు రెండు మైకులు. కొడుకు శవం మధ్యలో ఎక్కడో పడి ఉంటుంది. ఏడవాలంటే నేను శవాన్ని వదిలి మైకు దగ్గరికి రావాలి. కొడుకు అక్కడ, మైకు ఇక్కడ. ఏ తల్లయినా అలా ఏడుస్తుందా? రెండు పద్యాలకోసారి వెనక్కి వెళ్ళి పిల్లాణ్ణి ముట్టుకుని మళ్ళీ వచ్చేదాన్ని. అది నటన కాదండీ, డ్యూటీ. కాలరు మైకు వచ్చాక మొదటిసారి లోహితుడి తల ఒళ్ళో పెట్టుకుని పద్యం అందుకున్నాను. గొంతు తగ్గించి పాడొచ్చని అప్పుడు తెలిసింది. గుండె బాదుకుంటే మాత్రం స్పీకర్లో ఢామ్మని మోగుతుంది, అందుకని నేల బాదడం అలవాటు చేసుకున్నాను. కాబట్టి తెరా కాదు, దీపమూ కాదు. ఆ సీను మార్చింది మైకు.

ఇక తాళి. నేను దాన్ని జాకెట్టు లోపలి నుంచి తీసి దీపం వైపు ఎత్తేదాన్ని. పసుపుతాడు మెరిసేది. సరిగ్గా అప్పుడే ముందు వరసలో ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఒక్క ఊళ్ళో కూడా తప్పలేదు. కొంతమంది వాళ్ళ తాళి తీసి కళ్ళకద్దుకునేవాళ్ళు. వెదురుకర్ర బాబూ, నీ పది సెకన్ల నిశ్శబ్దం బాగుండే ఉంటుంది. ఆ కొంగుల సంగతి కూడా లెక్కలో వేసుకో.

వీపు పెట్టి నిలబెట్టడం నాకు నచ్చింది. అతని కళ్ళలో నీళ్ళున్నాయో లేవో నాకొక్కదానికే తెలుస్తుంది. జనం నా ముఖం చూసి తెలుసుకోవాలి. కానీ ఏ హరిశ్చంద్రుడు ఒప్పుకుంటాడు? డబ్బిచ్చి వీపు చూపించమంటే?

పెట్టె మాస్టారు:
అమ్మా నమస్కారం. నువ్వు చెప్పిన మైకు మాట నిజం. నేనూ రోజూ చూశాను. పద్యం అయ్యాక నువ్వు వెనక్కి వెళ్తుంటే ఆ నాలుగడుగులూ పెట్టెతో నింపేవాణ్ణి. నువ్వని కాదు, ఏ చంద్రమతయినా.

నా కోపం ఎందుకో చెబుతాను. మూడేళ్ళ క్రితం ఒక పోటీకి వెళ్ళాం. పేరు వద్దు. దర్శకుడు కుర్రాడు. నన్ను వింగులో, తెర మడతల వెనక కూర్చోబెట్టాడు. పద్యం వాయించడం అంటే శ్రుతి పట్టుకుని కూర్చోడం కాదు. నటుడి పెదవి చూడాలి, భుజం లేచేది చూడాలి. ఊపిరి పీల్చాడంటే ఎత్తుకుంటున్నాడని. అది కనపడకపోతే నేను గుడ్డివాణ్ణి. రెండో పద్యం అతను ఒక మెట్టు పైన అందుకున్నాడు, నేను కింద ఉన్నాను. దొరకపుచ్చుకునేసరికి పాదం అయిపోయింది. జనంలో ఈల. మేకప్ గదిలో అందరి ముందు అతను నన్ను అన్న మాట ఇక్కడ రాయను. దర్శకుడు నోరు విప్పలేదు. ఆ తర్వాత నేను పెట్టె తెరవలేదు.

పద్యప్రియ:
అయ్యో మాస్టారూ.

వెదురుకర్ర:
మాస్టారూ, అది తప్పే. మా హార్మోనిస్టుకి నటుడు కనపడేట్టే కూర్చోబెట్టాను, ఆయనే జనానికి కనపడలేదు. కానీ మీరు చెప్పాక ఆయన్ని అడిగాను. దీపం వెలుగు కళ్ళలో పడి సగం సీను నీడనే చూస్తూ వాయించానన్నారు. నాకు చెప్పలేదు అప్పుడు.

నేనూ ఒకటి చెప్పాలి. నాకు వన్స్‌మోర్ అంటే ఒళ్ళు మంట. మా నాన్న హరిశ్చంద్ర కట్టేవాడు. లోహితుణ్ణి నేను. ఏడెనిమిదేళ్ళవాణ్ణి. పాము కరిచి పడిపోయాక ఇంక కదలకూడదు. నాన్న పద్యానికి మూడు వన్స్‌మోర్‌లు పడితే ఆ మూడింటి సేపూ శవాన్నే. దోమలు. ముక్కు మీద వాలితే కూడా కదలకూడదు. ఒకసారి కన్ను కొంచెం తెరిచి చూశాను. జనం అందరూ నాన్న నోటి వంకే చూస్తున్నారు. నాన్న జనం వంక చూస్తున్నాడు. నేను పోయానని ఒక్కరికీ గుర్తు లేదు. ఇంటికి వెళ్ళాక అమ్మ కొబ్బరినూనె రాస్తూ ఏడ్చింది, స్టేజీ మీద ఎవరూ ఏడవలేదు.

అందుకే ఆ దీపం తెచ్చి పిల్లాడి పక్కన పెట్టాను.

కాటి చంద్రమతి:
నాన్నా, నా ఒళ్ళో పడుకున్న పిల్లల్లో చాలామంది నిజంగానే నిద్రపోయేవాళ్ళు. పద్యం అయ్యేదాకా కొంగుతో దోమలు తోలేదాన్ని. జనం అది శోకం అనుకునేవాళ్ళు.

పెట్టె మాస్టారు:
మీ నాన్నది తప్పని నేననను. వన్స్‌మోర్ ఇస్తే పాడకుండా ఎవరుంటారు? కానీ పిల్లాణ్ణి మర్చిపోయిన మాట వాస్తవం. నేనూ ఎన్నడూ శవం వంక చూడలేదు, పెదవి వంకే చూశాను.

మళ్ళీ వేస్తే పెట్టె ఆ దీపానికి ఇటు పక్కన, కనపడేట్టు పెట్టు. కాటిలో ఇంకో కాపరి అనుకుంటారు. ఇంకో రెండు పద్యాలు పెంచు. తాళి మాత్రం ఉండాలి.

వెదురుకర్ర:
పెట్టె బయట పెడతాను. పద్యాల గురించి ఆలోచిస్తాను. తాళి వెయ్యను.

పెట్టె మాస్టారు:
అయితే నేను రాను.

వెదురుకర్ర:
రమ్మని ఇంకా అడగలేదు కదండీ మాస్టారూ.

గ్యాలరీ టికెట్:
వన్స్‌మోర్!

తెరల బాబాయ్:
ఇంతకీ ఎవరికైనా కాటి తెర కావాలంటే చెప్పండి. నక్క ముక్కు దగ్గర కొంచెం చిరిగింది, దూరానికి తెలీదు.