సొంతంగా పుస్తకం వేసుకునేవాడు రోజూ రాయాల్సిందేనా?

మంచం కింద కాపీలు (రాత్రి 8:40)
నాకు ప్రచురణకర్త లేడు. పోయిన డిసెంబరులో నా కథల పుస్తకం 300 కాపీలు తిరుపతిలోనే వేయించుకున్నాను. 42 వేలయింది. అందులో 140 ఇంకా మంచం కిందే ఉన్నాయి. ఇప్పుడు రెండోది రాస్తున్నాను. పొద్దున నాలుగున్నరకు లేస్తాను. రూళ్ల నోటుబుక్కులో కుడిపక్క పేజీల్లోనే రాస్తాను, ఎడమపక్కవి దిద్దుబాట్లకు. ఆరింటికి కొళాయి వస్తుంది, బిందెలు పట్టాలి, అక్కడితో సరి. ఏదీ తోచని రోజు కూడా కూర్చుంటాను. ఇక కథలెక్కడివంటే బస్సుల్లో, టీ కొట్ల దగ్గర విన్నవే.
మనలాంటివాళ్లకు గడువు పెట్టి అడిగే ఎడిటర్ ఉండడు. అందుకే రోజూ రాయాల్సిందేనంటాను. ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు, కొండ మీదే ఉంది. అన్నమయ్య రోజుకొక సంకీర్తనకు తక్కువ కాకుండా పాడారంటారు కదా. మీరేమంటారు?

లెక్కలయ్యోరు (8:58)
అన్నమయ్యను మధ్యలోకి తెచ్చారు కాబట్టి లెక్క చూద్దాం. ఆయన పాటలు చెక్కిన రాగిరేకు ప్రకారం ఆయన పాడింది 1424 నుంచి 1503 దాకా. అంటే 79 ఏళ్లు. రోజుకొకటి చొప్పున 28,835. ఆయన పాడారని మనం చెప్పుకునేది 32,000. మిగతా మూడువేల చిల్లర ఎక్కడివి?

మంచం కింద కాపీలు (9:03)
'తక్కువ కాకుండా' అన్నాను కదండీ. కొన్నిరోజులు రెండు పాడి ఉంటారు.

లెక్కలయ్యోరు (9:11)
అలాగైతే ఏ రోజూ ఎగ్గొట్టలేదని ఎలా చెప్తారు? ఒకరోజు నాలుగు, తర్వాత మూడురోజులు సున్నా అయినా మొత్తం ఇంతే వస్తుంది. సగటును దినచర్య అనకండి. పైగా ఇప్పుడు దొరుకుతున్నవి అందులో సగం కూడా లేవు.

పీలేరు బస్సు (9:20)
నాలుగున్నరకు లేచే అన్నకు కాఫీ ఎవరు పెడతారో కూడా రాస్తే బాగుండేది. నేను బడికి పోతూ వస్తూ బస్సులో ఫోనుకు చెప్పి రాయించుకుంటాను. మన యాస దానికి ఎక్కదు, 'యాడికి' అంటే 'యాడ్ కీ' అని కొడుతుంది. ఇంటికొచ్చి వంటయ్యాక దిద్దుకుంటాను. వారానికి మూడుసార్లు కుదిరితే పండగే. నేను రచయిత్రిని కానా?

మంచం కింద కాపీలు (9:24)
కాఫీ నేనే పెట్టుకుంటాను తల్లీ. పాలు ముందురోజు రాత్రివే.

గాంధీరోడ్డు (9:26)
రాయడం కాదన్నా కష్టం, పంపడం. తపాలాలో పుస్తకాలు చవగ్గా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశారు. నూరు రూపాయల పుస్తకానికి కొరియరు అరవై అడుగుతున్నారు.

కొత్తగా వచ్చా (9:31)
పుస్తకం వెనక వేసే గుర్తింపు నంబరు, అదే ఐఎస్‌బీఎన్‌కు, ఎంతవుతుందండీ? ఒకాయన మూడువేలు అడిగాడు.

గాంధీరోడ్డు (9:33)
మన దేశంలో అది ఉచితం. మీరే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోండి. ఆయనకు ఒక దండం పెట్టి వచ్చేయండి.

లెక్కలయ్యోరు (9:40)
పక్కదారి పట్టొద్దు. నా ప్రశ్నకు జవాబు రాలేదు. రోజూ పాడారనడానికి ఆధారమేంటి?

పీలేరు బస్సు (9:43)
అయ్యోరూ, ఆ లెక్క వదిలేయండి సామీ. ఆయన పదాలు ఆయన పాడుకున్నాడు. మనకెందుకు హాజరుపట్టీ?

మంచం కింద కాపీలు (9:52)
సరే, అన్నమయ్యను వదిలేద్దాం. మధురాంతకం రాజారాం గారు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా బడుల్లోనే పంతులుగా పనిచేస్తూ వందల కథలు రాశారు. 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ అన్ని కథలంటే పట్టుబట్టి కూర్చోకుండా అవుతుందా? మీకు అలవాటు లేకపోతే లేదని చెప్పండి. లెక్కల చాటున దాక్కోవడమెందుకు?

లెక్కలయ్యోరు (10:05)
దాక్కున్నది నేనా? సరే, బయటికే వస్తాను. మంచం కింద లేని 160లో ఒకటి నా దగ్గరుంది, డబ్బులిచ్చి కొన్నాను. ఏడో కథ, 61వ పేజీ.
నన్ను గుర్తుపట్టలేదా అన్నా? బాలాజీ కాలనీ టీ కొట్టు. పోయినేడు జూన్. తోతాపురి మామిడికాయకు కిలోకు ఫ్యాక్టరీ ఎనిమిది రూపాయలు, ప్రభుత్వం నాలుగు, మొత్తం పన్నెండన్నారు. మా నాయన గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట లైన్లో రెండు రాత్రులున్నాడు. టోకెన్ చీటీ తువ్వాలు కొసకు ముడేసుకుని, ట్రాక్టరు కింద పట్ట పరుచుకుని పడుకున్నాడు. ట్రాలీలో అడుగుకాయ మాగి, పలకల సందులోంచి రసం కారి ఆయన చొక్కా మీద పడింది. తెల్లారేసరికి వీపంతా చీమలు. నేను చెప్తుంటే నువ్వు బస్సు టికెట్టు వెనక ఏదో రాసుకున్నావు. ఫోన్ నంబరేమో అనుకున్నా.

గాంధీరోడ్డు (10:08)
అదీ సంగతి. గంటసేపు అన్నమయ్యను నలగ్గొట్టింది ఇందుకా!

మంచం కింద కాపీలు (10:17)
గుర్తొచ్చింది తమ్ముడూ. చెప్పి రాసుండాల్సింది, ఆ తప్పు నాదే. కానీ ఊరూ పేరూ రాయలేదు. ఆ రెండు నెలలూ చిత్తూరు రోడ్లన్నీ ట్రాక్టర్లే కదా, ఎవరి నాయనైనా కావచ్చు. విన్నది రాయొద్దంటే నేను రాసేదేముంది?

లెక్కలయ్యోరు (10:29)
విన్నది రాసుంటే నాకు కోపమే లేదు. కథలో ముసలాయన చీమలు దులుపుకుంటూ వెక్కివెక్కి ఏడుస్తాడు. మా నాయన ఏడవలేదు. చొక్కా విప్పి విదిలించి, నవ్వి, "చీమలకైనా గిట్టుబాటయింది లేరా" అన్నాడు. ఆ మాటా నీకు చెప్పాను. చీమలు ఉంచుకుని మాట తీసేశావు.

పీలేరు బస్సు (10:34)
నేనా కథ చదివి ఏడ్చాను. కానీ ఇప్పుడు ఈ మాట విన్నాక అది గుర్తు రావడంలేదు, ఇదే తిరుగుతోంది.

కొత్తగా వచ్చా (10:36)
కథన్నాక మార్చుకునే హక్కు రచయితకు ఉండదా?

మంచం కింద కాపీలు (10:51)
హక్కు సంగతి కాదులే బాబూ. నిజం చెప్తాను. మొదటిసారి నవ్వినట్టే రాశాను. కుడి పేజీలో ఇప్పటికీ ఉంది. అంత నష్టపోయినవాడు నవ్వితే ఎవరూ నమ్మరేమో అనిపించింది. వరసగా నాలుగు రోజులు ఆ పేజీ కదల్లేదు. ఐదోరోజు ఏడిపించేశాను. కథ అయిపోయింది.

లెక్కలయ్యోరు (10:58)
నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే కదా! తోచకపోయినా కూర్చుంటే పేజీ నింపాలి. నింపాలంటే ఎవరో ఒకరిని ఏడిపించాలి. ఆ నాలుగు రోజులూ లేవకుండా పడుకుని, ఐదోరోజు నాకు ఒక ఫోన్ కొట్టుంటే సరిపోయేది.

మంచం కింద కాపీలు (11:04)
కూర్చోకపోతే ఆ కథే లేదు తమ్ముడూ. అందులో మాత్రం నీతో ఒప్పుకోను. ఆ వాక్యం సంగతి వేరే. మళ్లీ అచ్చు వేస్తే మార్చేస్తాను.

గాంధీరోడ్డు (11:06)
ముందు ఆ 140 అమ్మన్నా.

పీలేరు బస్సు (11:09)
అయ్యోరూ, ఇంతకీ మీ నాయనకు కథ చదివి వినిపించారా?

లెక్కలయ్యోరు (11:15)
ఉగాదికి ఊరికి పోయినప్పుడు వినిపించాను. ఏడుపు దగ్గర ఏమంటాడో అని ఆగి చూశా. ఏమీ అనలేదు. అంతా విని, "ట్రాక్టరు మనదని రాసినాడే, అది బాడుగది కదరా" అన్నాడు.

మంచం కింద కాపీలు (11:18)
రెండు రాత్రులు నిలబెట్టినందుకు బాడుగ ఎంత తీసుకున్నారు?

లెక్కలయ్యోరు (11:19)
మళ్లీ టికెట్టు తీశావా అన్నా?