నాన్న బీరువాలో దొరికిన ప్రామిసరీ నోటు: లాయర్ని పెట్టుకోవాలా, మాట్లాడుకుంటే సరిపోతుందా?

తెనాలిపిల్ల (ప్రశ్న)
2025 అక్టోబర్ 12

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్న ఈ ఏడాది మార్చిలో పోయారు. దసరాకి ఇల్లు దులుపుతుంటే బీరువాలో ఎల్‌ఐసీ రసీదుల కవరులో ఒక ప్రామిసరీ నోటు కనిపించింది. 2022 జూన్ 6 తారీఖు. మూడు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. తీసుకున్నాయన మాకు పెదనాన్న వరస అవుతారు, దుగ్గిరాల దగ్గర పసుపు వేస్తారు. రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం ఉంది. సాక్షులు ఇద్దరు, అందులో ఒకాయన ఇప్పుడు లేరు. వెనక వైపు నాన్న చేతిరాతతో "2023 జనవరి 17న రూ. 20,000 ముట్టినది" అని ఉంది.

అమ్మకి ఈ సంగతి తెలుసు గానీ అంత మొత్తం అని తెలియదట. పెదనాన్నకి ఫోన్ చేస్తే చాలా బాగా మాట్లాడారు. "మీ నాన్న డబ్బు నాకెందుకమ్మా, ఈసారి పసుపు అమ్మగానే ఏప్రిల్‌లో అసలూ వడ్డీ మీ అమ్మ చేతిలో పెడతా" అన్నారు. అమ్మ ఆ మాటకే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తమ్ముడేమో స్టేషన్‌లో కంప్లైంట్ ఇద్దామంటాడు. ఊళ్ళో ఎవరో ఆయన రోడ్డు పక్క ఎకరం బేరం పెట్టాడనీ, ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేలా ఉన్నాడనీ అంటున్నారు. నిజమో కాదో తెలియదు.

అయినవాళ్ళ మీద లాయర్ని పెడితే పలకరింపులు కూడా పోతాయని అమ్మ భయం. ఏప్రిల్ దాకా ఆగొచ్చా? ఇలాంటి వాటికి లాయర్ అవసరమా?

కరీంనగర్ సైకిల్

ముందు ఒక్కటి చూడండి. వెనక రాసిన ఇరవై వేల కింద ఆయన సంతకం ఉందా లేదా?

మా బాపు ఊరివాళ్ళకి లక్షన్నర ఇచ్చిండు. మధ్యలో రెండుసార్లు డబ్బులు ముట్టినయి. రెండుసార్లూ బాపే నోటు వెనక చెల్లు రాసుకున్నడు, అవతలాయనతో సంతకం పెట్టించలేదు. "రోజూ కనబడే మనిషి, సంతకమేంది" అనుకున్నడు. మూడేళ్ళు దాటినంక కోర్టుకు పోతే, అవతలి లాయర్ ఆ చెల్లు మీ నాయన ఇంట్లో కూర్చుని రాసుకున్నదే అన్నడు. నోటుకు కాలదోషం పట్టిందని దావా కొట్టేసిన్రు. లాయర్ ఫీజు, కోర్టు ఫీజు కూడా పోయినయి. బాపు ఆ నోటును ఇప్పటికీ చింపలేదు.

తెనాలిపిల్ల

ఇప్పుడే తీసి చూశాను. రాత నాన్నదే, కింద సంతకం మాత్రం పెదనాన్నదే. ముందు వైపు సంతకంలాగే చివరి అక్షరం తోక కిందకి లాగి ఉంది. ఇంకో విషయం, పోయినేడాది తమ్ముడికి ఫోన్‌పేలో పదివేలు వేశారట. అది నోటు మీద రాయలేదు.

ప్లీడరు గుమాస్తా

అమ్మా, నేను లాయర్ని కాదు. ఒక లాయరు గారి దగ్గర 22 ఏళ్ళు గుమాస్తాగా చేశాను. నోటు దావాలకి నంబర్లు వేయించడంలోనే సగం జీవితం అయిపోయింది. చూసినంతలో చెబుతాను.

డిమాండు నోటుకి, అంటే అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకి, రాసిన తేదీ నుంచి మూడేళ్ళు గడువు. ఆ లెక్కన మీది 2025 జూన్ 6కే అయిపోవాలి. గడువు లోపల కొంత డబ్బు కట్టి, ఆ కట్టినవాడు తన చేత్తో రాసినా, సంతకం పెట్టినా, ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతాయి. మీ అదృష్టం, సంతకం ఉంది. అంటే 2026 జనవరి 17 వరకు ఉంది. ఫోన్‌పే పదివేలు నమ్ముకుని గడువు పెంచుకోకండి. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి దాచండి, అది పనికొస్తుందో లేదో లాయర్ చూస్తాడు.

ఇప్పుడు ఆయన మాట మళ్ళీ చదవండి. ఏప్రిల్‌లో ఇస్తానన్నారు. మీ గడువు జనవరిలో అయిపోతుంది. ఆయన మంచి మనసుతోనే అని ఉండొచ్చు, పసుపు డబ్బు ఆ నెలల్లోనే వస్తుంది మరి. అయినా ఏప్రిల్లో ఆయన చేతులెత్తేస్తే మీ చేతిలో ఉండేది కాగితం ముక్క. గడువు పండగ సెలవుల్లో పడితే కోర్టు తెరిచిన రోజు వేయొచ్చు గానీ, ఆ ధైర్యంతో ఆఖరి రోజు వరకు ఉండకండి. ఆఖరి రోజున స్టాంపులు దొరక్క పరుగెత్తినవాళ్ళని చాలామందిని చూశాను. నాన్నగారు పోయారని గడువు ఆగదు కూడా.

స్టేషన్ సంగతి. అప్పు ఎగ్గొట్టడం సివిల్ తగాదా అని వాళ్ళే చెప్పి పంపిస్తారు. ఒకవేళ పిలిచి పంచాయితీ చేసినా, ఆ నెలా రెండు నెలలూ మీ మూడేళ్ళలో కలిసిపోతాయి.

లాయర్ లేకుండా మీరు చేయగలిగింది ఉంది. అమ్మగారిని తీసుకుని వెళ్ళి, ఇప్పటివరకు అయిన అసలూ వడ్డీ లెక్క కట్టి, అమ్మగారి పేరున నోటు తిరగరాయమని అడగండి. నెలకి ఆరు వేల వడ్డీ, 40 నెలలకి రెండు లక్షల నలభై వేలు. ముట్టినవి తీసేస్తే అసలుతో కలిపి అయిదు లక్షల పైనే. అంత రాయనంటే కొంత తగ్గించుకోండి, మీ ఇష్టం. కొత్త నోటు మీద సంతకం స్టాంపుకి అడ్డంగా పడేదాకా పాత నోటు చేతికివ్వకండి. చూపించడానికి జిరాక్స్ పట్టుకెళ్ళండి. ఒరిజినల్ ఇంట్లోనే ఉండనివ్వండి.

తిరగరాయనంటే ఆ రోజే లాయర్ దగ్గరికి వెళ్ళండి. ఎందుకంటే మీది మామూలు నోటు దావా కాదు. ఇచ్చిన మనిషి లేడు. అప్పు వారసులకి వస్తుంది, కానీ కోర్టు మీకు డిక్రీ (డబ్బు కట్టమనే తీర్పు) ఇవ్వాలంటే సక్సెషన్ సర్టిఫికెట్, అంటే పోయినవాళ్ళకి రావాల్సిన బాకీ వసూలు చేసుకోమని వారసులకి కోర్టు ఇచ్చే పత్రం, కావాలి. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దీనికి చాలదు. దావా ముందు గడువులో వేసి, సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేయొచ్చు. అమ్మగారు, మీరు, తమ్ముడు వారసులు. మీ నాయనమ్మ ఉన్నారా? ఉంటే ఆవిడ కూడా. ఈ ఒక్క పేరు మర్చిపోయి ఏడాది తిరిగినవాళ్ళు మా ఆఫీసుకే ముగ్గురు వచ్చారు.

ఎకరం అమ్ముతున్నాడనేది కూడా లాయరుకి చెప్పండి. ఆస్తి దాటించేస్తున్నాడని చూపించగలిగితే తీర్పుకి ముందే జప్తు అడగొచ్చు. ఊళ్ళో అనుకున్నారంటే కోర్టు ఒప్పుకోదు, బేరం కాగితమో, కొనేవాళ్ళ మాటో ఉండాలి. ఐపీ పెట్టాడని కోర్టు నుంచి నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయకండి, హాజరవ్వాలి.

లాయర్ని పెట్టుకోవడం అంటే కక్ష కట్టడం అనుకుంటారు మనవాళ్ళు. ముందు ఒక నోటీసు వెళ్తుంది, అంతే. సగం కేసులు ఆ నోటీసుతోనే తెగిపోవడం నేను చూశాను, పలకరింపులు పోకుండానే.

బెంగళూరు వాసి

లాయర్ ఖర్చు భరించలేకపోతే ఒక దారి. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది, 1987 నాటి చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవల ఆఫీసులో అమ్మగారి పేరున దరఖాస్తు ఇవ్వండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌కి పిలిపించమని కూడా అడగొచ్చు. అక్కడ రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం, దాని మీద అప్పీల్ ఉండదు. కానీ పెదనాన్న వస్తేనే. రాకపోతే రోజులు పోతాయి, గడువు చూసుకోండి.

ప్లీడరు గుమాస్తా

బాగా చెప్పారు. ఇంకోటి. వకాలత్ (మీ తరఫున కేసు నడపమని లాయరుకి ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టండి గానీ ఖాళీ కాగితాల మీద పెట్టకండి. ఫీజు మొత్తం ఎంత, ఏ దశలో ఎంత అని మొదటి రోజే అడగండి. కోర్టు ఫీజు వేరు, లాయర్ ఫీజు వేరు. సిగ్గుపడకండి, అడిగిన క్లయింటునే లాయర్లు కూడా గుర్తుపెట్టుకుంటారు.

తెనాలిపిల్ల
2025 అక్టోబర్ 26

ఇవాళ వెళ్ళొచ్చాం. అమ్మ, నేను, తమ్ముడు. నాయనమ్మ ఉంది, 81 ఏళ్ళు, "నా పేరు కూడా రాయండి, నా కొడుకు డబ్బు" అంది.

పెదనాన్న కాఫీ ఇచ్చారు, జిరాక్స్ చూశారు. సంతకం తనదే అన్నారు. తిరగరాయమంటే మాత్రం మొహం మారింది. "నన్ను నమ్మరా? మీ నాన్న ఉంటే ఇలా అడిగేవాడా?" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. లేచి, ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి సింకులో పెట్టి, "పద" అంది. ఎకరం గురించి అడిగితే పెద్దమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

రేపు ఉదయం తెనాలి కోర్టు దగ్గర ఒక లాయర్‌ని కలుస్తున్నాం, అమ్మే అడిగి కనుక్కుంది. గుమాస్తాగారూ, ఒరిజినల్ నోటు రేపే తీసుకెళ్ళాలా, దావా వేసే రోజు ఇస్తే చాలా?

ప్లీడరు గుమాస్తా

చూపించడానికి తీసుకెళ్ళండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి. దావా వేసే రోజు ఇవ్వండి, ఇచ్చినట్టు కాగితం మీద రాయించుకోండి. ఇవాళ రాత్రే రెండు వైపులా ఫోటో తీసి తమ్ముడి ఫోన్‌కి పంపండి. వెనక వైపు ఆ సంతకం స్పష్టంగా పడిందో లేదో ఒకసారి పెద్దది చేసి చూసుకోండి.