బైలె హెర్కులానె పునరుద్ధరణ: ముందు భవనమా, నది ఒడ్డా?

పట్టణ ప్రణాళికలో పీజీ చివరి సంవత్సరం పరిశోధన కోసం నేను రుమేనియాలోని బైలె హెర్కులానెను ఎంచుకున్నాను. రోమన్ల కాలం నుంచి వేడినీటి బుగ్గలకు పేరుపడిన ఈ ఊరిలో, చెర్నా నది ఒడ్డున 1883–86 మధ్య ఆస్ట్రియా-హంగరీ పాలనలో కట్టిన నెప్ట్యూన్ స్నానశాల ఏళ్లుగా మూతపడి, పైకప్పు కుంగి, పెచ్చులూడి నిలిచి ఉంది. విచిత్రమేమిటంటే, అంత భవనం పాడుపడినా బుగ్గలు మాత్రం ఆగలేదు. నదిని ఆనుకుని ఉన్న చిన్న తొట్లలో జనం ఇప్పటికీ ఉచితంగా స్నానాలు చేస్తున్నారు.

పోలికకు జర్మనీలోని మరో వేడినీటి బుగ్గల ఊరు బాడెన్-బాడెన్‌ను తీసుకున్నాను. అక్కడ 1989లో సుమారు 2.5 కిలోమీటర్ల సొరంగం తెరిచి వాహనాలను మళ్లించడంతో ఊరి నడిబొడ్డున రద్దీ తగ్గింది. ఓస్ వాగు వెంబడి చెట్ల నీడన సాగే నడకదారి ఆ ఊరికి ఎప్పటినుంచో ప్రాణం. కానీ బాడెన్-బాడెన్ సంపన్నమైన ఊరు, కనుక అక్కడి పద్ధతి హెర్కులానెకు ఎంతవరకు నప్పుతుందన్నదే నా సందేహం.

ఇటువంటి చోట్ల పనిచేసినవారు దయచేసి చెప్పగలరు: భవనాల మరమ్మతు కోసం ఆగకుండా ముందుగా నది ఒడ్డును, పాత ఉద్యానాన్ని బాగుచేస్తే పెట్టుబడి దానంతట అది వస్తుందా? బుగ్గలకు నీరందించే నేలలో లోతైన పునాదులను, బోర్లను అడ్డుకునే నిబంధనలను మాస్టర్ ప్లాన్‌లో ఎలా రాస్తారు? ముఖ్యంగా, హోటళ్లు వచ్చాక కూడా ఆ ఉచిత తొట్లు స్థానికులకే మిగలాలంటే ఏ ఏర్పాటు నిలబడుతుంది?