ముందే రిటైర్ అయితే అది తెలివా, అదృష్టమా?

ఉద్దానం కొబ్బరి:
మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. వయసు 44, విశాఖలో ప్రైవేటు ఉద్యోగం. వచ్చే మార్చిలో మానేసి ఊరెళ్ళిపోదామని ఉంది. ఏడాది ఖర్చుకి 25 రెట్లు కూడితే మానేయొచ్చంటారు, నాకు 27 రెట్లు కూడింది. అప్పు లేదు. అయినా మనసు కుదుటపడటం లేదు.

చెల్లి పెళ్ళి అప్పు తీరింది 2009 మార్చిలో. ఆ వచ్చే నెలే మ్యూచువల్ ఫండ్‌లో ఎస్ఐపీ, అంటే నెలనెలా కొంత పెట్టడం, మొదలుపెట్టాను. షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ అప్పుడు పది వేల చుట్టూ ఉంది. అంతకు ఏడాది ముందు 21 వేలు తాకి పడిందని కూడా నాకు తెలియదు. నాకంటే చాలా తెలిసిన స్నేహితుడు 2008 జనవరిలో ఉన్నదంతా ఒకేసారి పెట్టి, సగమయ్యాక భయపడి తీసేశాడు.

ఇంకో సంగతి. నాన్నకి జీడి, కొబ్బరి కలిపి మూడెకరాలు. ఇక కూలీలకి అప్పగించి విశ్రాంతి తీసుకుంటానన్న ఏడాదే, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుఫాను వచ్చింది. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి, జీడిచెట్లు వేళ్ళతో సహా లేచి పడి ఉన్నాయి. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. ఆయనకి అప్పుడు 66. నేను ఆయనకంటే ఎక్కువ కష్టపడ్డానని ఎలా అనుకోగలను?

బొబ్బిలి వీణ:
మొదలుపెట్టిన నెల అదృష్టమే, అన్నా. కానీ 2020లో ఇంకో షేర్ సూచీ నిఫ్టీ 12 వేల నుంచి 7,600కి పడినప్పుడు ఎస్ఐపీ ఆపారా? ఆపకపోతే అది మాత్రం మీదే.

రిటైర్డ్ క్యాషియర్, విజయనగరం:
బాబూ, అసలు అదృష్టం అవసరమయ్యేది మానేశాక మొదటి ఐదేళ్ళలో. కోటి ఉంది, ఏటా 4 లక్షలు తీస్తావు అనుకో. మొదటి ఏడాదే మార్కెట్ 40 శాతం పడితే, ఖర్చు పోను మిగిలేది 56 లక్షలు. అదే 4 లక్షలు ఇప్పుడు ఏడు శాతం అయిపోయింది. ఇరవయ్యో ఏట అదే పడిపోవడం ఇంత దెబ్బ తీయదు. జపాన్ షేర్ సూచీ నిక్కీ 1989 చివర 38,915 తాకింది, మళ్ళీ దాన్ని దాటింది 2024 ఫిబ్రవరిలో. 25 రెట్లు చాలన్న లెక్క అమెరికా మార్కెట్‌ది, అదీ 30 ఏళ్ళకి. నీకు నలభై పైనే కావాలి. మూడు నాలుగేళ్ళ ఖర్చు ఎఫ్‌డీలోనో పోస్టాఫీసులోనో విడిగా పెట్టుకో. మార్కెట్ పడిన ఏడాది ఫండ్ యూనిట్లు అమ్మాల్సిన పని ఉండదు.

ఉద్దానం కొబ్బరి:
వీణ గారూ, 2020లో ఆపలేదు. కానీ నాకు జీతం ఆగలేదు కాబట్టి ఆపలేదు. పక్క సెక్షన్‌ వాళ్ళకి సగమే ఇచ్చారు, వాళ్ళు ఆపక ఏం చేస్తారు? ఆ ధైర్యం నాదని చెప్పుకోలేను.

క్యాషియర్ గారూ, మీ లెక్క రాత్రి కాగితం మీద వేసి చూశాను. ఇంకో ఏడాది చేస్తాను, ఆ జీతంలో మిగిలింది మొత్తం ఎఫ్‌డీకే. నాన్నకి ఫోన్ చేసి వాయిదా సంగతి చెప్పాను. తిత్లీ తర్వాత వేసిన జీడి బాగా కాస్తోందట, ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా మార్చిలో పది రోజులు సెలవు పెట్టి పిక్కలు ఏరడానికి రమ్మన్నారు.