హాలోవీన్‌కు ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తర్వాత ఏం చూడాలి? పాత యూనివర్సల్ స్టూడియో సీక్వెళ్లు చూసినవారు చెప్పండి

డాలస్ వాసి:
మా పిల్లలకు 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చూపించాను. పెద్దమ్మాయికి పదమూడేళ్లు, చిన్నవాడికి పది. రాక్షసుడిని గాలిమరలో పెట్టి తగలబెట్టారని ఇద్దరికీ ఒకటే బాధ. అక్టోబరు 31 రాత్రి మిఠాయిలు పోగుచేసుకొని వచ్చాక రెండు సినిమాలు వేద్దామనుకుంటున్నాం. దేనితో మొదలుపెట్టమంటారు?

నలుపు తెలుపు:
‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ (1935). మరో ఆలోచన వద్దు. గంటా పావు సినిమా, దర్శకుడు మళ్లీ జేమ్స్ వేల్. కాలిపోతున్న ఆ గాలిమర దగ్గరే కథ అందుకుంటుంది. నా దృష్టిలో మొదటిదాని కంటే గొప్ప చిత్రం. అడవిలో గుడ్డి సన్యాసి వయొలిన్ వాయిస్తుంటే, ఆ పాట విని గాయాలతో రాక్షసుడు గుడిసెలోకి వస్తాడు. ముఖం కనిపించని ఆ ముసలాయన భయపడడు. కూర్చోబెట్టి అన్నం పెడతాడు, తోడు దొరికిందని దేవుడికి దండం పెట్టుకుంటాడు. అప్పుడు రాక్షసుడిగా వేసిన బోరిస్ కార్లోఫ్ చెంప మీద జారే కన్నీటి చుక్కను చూడండి. అంత మేకప్ కింద నుంచి అంత నటన! ఎప్పుడు చూసినా నా గొంతు పట్టేస్తుంది.

వెన్నెల రాత్రి:
రాక్షసుడి కోసం తయారుచేసిన పెళ్లికూతురు కనిపించేది చివరి కొద్ది నిమిషాలే, అయినా మరచిపోలేం. మొదట్లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల రచయిత్రి మేరీ షెల్లీగా వేసిందీ, ఈ పెళ్లికూతురిగా వేసిందీ ఎల్సా లాంచెస్టరే. ఆ బుసకొట్టడం లండన్ పార్కులో హంసలను చూసి నేర్చుకున్నానని ఆమే చెప్పింది. చిన్నవాడి కోసం ఒక మాట: ఆరంభంలోనే ఇద్దరు చనిపోతారు, పక్కనే కూర్చోండి.
రెండోదిగా ‘డ్రాక్యులాస్ డాటర్’ (1936) వేయండి. తండ్రి శవాన్ని దహనం చేస్తే శాపం వదులుతుందని ఆశపడే కూతురి కథ. వదలక మానసిక వైద్యుడిని ఆశ్రయిస్తుంది. గ్లోరియా హోల్డెన్ కళ్లు చాలు.

రెండో ఆట:
వెన్నెల రాత్రి గారూ, అది పిల్లలకు నెమ్మదిగా అనిపిస్తుందేమో. నేనైతే ‘సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ (1939) అంటాను. మెడ విరిగిన ఇగోర్‌గా బేలా లుగోసి విజృంభించాడు. ఆ వరుసలో కార్లోఫ్ రాక్షసుడిగా వేసింది అదే ఆఖరు.
ఒక జాగ్రత్త. ‘ఫ్రాంకెన్‌స్టైన్ మీట్స్ ద వుల్ఫ్ మ్యాన్’ (1943) చూసే ముందు ‘గోస్ట్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ (1942) తప్పక చూడండి. అందులో ఇగోర్ మెదడు అమర్చాక రాక్షసుడికి చూపు పోతుంది. తర్వాతి చిత్రంలో ఆ పాత్ర లుగోసిది. గుడ్డివాడిలా చేతులు చాచి నడిచాడు, కానీ చూపు లేదని చెప్పే సంభాషణలన్నీ కోసేశారు. జనం ఆయన నటనను తప్పుపట్టారు. పాపం, ఆయనకు అన్యాయం జరిగింది.

నలుపు తెలుపు:
నిజమే. 1931 నాటి ‘డ్రాక్యులా’ తర్వాత లుగోసిని మళ్లీ డ్రాక్యులాగా చూడాలంటే 1948 నాటి ‘అబాట్ అండ్ కాస్టెల్లో మీట్ ఫ్రాంకెన్‌స్టైన్’ ఉంది. నవ్వులన్నీ హాస్య జంట అబాట్, కాస్టెల్లోలవి, లుగోసి మాత్రం హుందాతనం వదలలేదు. పిల్లలకు బాగా నచ్చుతుంది.

డాలస్ వాసి:
అందరికీ ధన్యవాదాలు. 31న ‘బ్రైడ్’, వెంటనే ‘సన్’. ‘డ్రాక్యులాస్ డాటర్’ పిల్లలు పడుకున్నాక మా ఇద్దరికి.