పడక అమర్చుకోవడానికి పాత వ్యాన్: సీఎన్జీ మేలా, డీజిల్ మేలా?

నమస్కారం. మాది విజయవాడ. మోకాళ్ల నొప్పితో ఎక్కువసేపు కూర్చోలేని మా అమ్మగారిని శ్రీశైలం, తిరుమల, అరకు తీసుకువెళ్లేందుకు, లోపల పడక వేయించుకోదగిన పాత వ్యాన్ కొనదలచాను. 2021 నాటి సీఎన్జీ మారుతి ఈకో, 2018 నాటి డీజిల్ ఫోర్స్ ట్రావెలర్ చూశాను. ఈకోకు ఇంధన ఖర్చు తక్కువే అయినా, సిలిండర్ వెనుక చోటును ఆక్రమించడం వల్ల పడక పొడవు తగ్గిపోతోంది. మూడేళ్లకోసారి ఆ సిలిండర్‌కు పీడన పరీక్ష కూడా చేయించాలి. ట్రావెలర్‌లో అమ్మ ఒంగకుండా లేచి నిలబడగలరు, నా మనసు దానివైపే ఉంది. అయితే అది పసుపు నంబరు పలక బండి. దాన్ని సొంత వాహనంగా మార్చి, సీట్లు తీసి పడక పెట్టడానికి రవాణా శాఖ అనుమతి పొందినవారు ఎవరైనా ఉంటే, పట్టిన సమయం, అయిన ఖర్చు తెలుపగలరు. నెలకు ఒకటి రెండు ప్రయాణాలే చేసే మాకు, పాత డీజిల్ బండిలో టర్బో, ఇంజెక్టర్లు, క్లచ్ కాక ఇంకేవి ముందుగా మెకానిక్‌తో చూపించుకోవాలి?