కొడుకు ఎలా పోయాడో తల్లికి చెప్పాలా, వద్దా?

ప్రశ్న అడిగినవారు: మేనల్లుడు, జగిత్యాల జిల్లా

మా మేనత్తకు ఒక్కగానొక్క కొడుకు. నాకు బావ. ఏడు నెలల కిందట గల్ఫ్‌లోని ఒక లేబర్ క్యాంపులో ఆత్మహత్య చేసుకున్నాడు. శవం శంషాబాద్ చేరడానికి 23 రోజులు పట్టింది. ఆ రోజుల్లో అత్త గుక్కపట్టి ఏడుస్తుంటే చూడలేక మా నాన్న "గుండెపోటు" అన్నాడు, మేమందరం ఆ మాటనే పట్టుకున్నాము. ఊరికి వచ్చిన పెట్టెను పూర్తిగా తెరవనీయకుండా ముఖం మాత్రమే చూపించి దహనానికి తీసుకెళ్లాము. నిజం తెలిసినవాళ్లం నలుగురం, వారిలో బావ భార్య కూడా ఒకరు.

ఇప్పుడు దాచడం కష్టమవుతున్నది. గల్ఫ్ మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల రూపాయల సాయం కోసం మరణ ధ్రువపత్రం కలెక్టరేటులో ఇవ్వాలి, ఆ కాగితం ఎవరెవరి చేతుల మీదుగా పోతుందో చెప్పలేము. క్యాంపులో బావతో ఒకే గదిలో ఉన్న మిత్రుడు దసరాకు వస్తున్నాడు, వస్తే అత్తను పలకరించకుండా పోడు. గుండెజబ్బు వంశంలో ఉందేమోనన్న భయంతో ఆమె పదకొండేళ్ల మనవడికి రెండుసార్లు ఈసీజీ తీయించింది, వాణ్ణి కబడ్డీ ఆడనివ్వడం లేదు. మొన్న నన్ను పట్టుకొని, "అల్లుడా, గుండెనొప్పే అయితే పెట్టె ఎందుకు తెరవనియ్యలే?" అని అడిగింది. నేను నీళ్లు నమిలాను. పెద్దలు సలహా చెప్పగలరు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్

చెప్పవద్దు బాబూ. అరవై దాటిన తల్లికి కొడుకు పోయిన బాధ ఒక్కటే మోయలేని బరువు, దాని మీద "తనంతట తానే పోయాడు" అన్న మాట పెడితే ఆమె ఏమవుతుందో ఆలోచించండి. కొడుకు పోయాడన్న ఒక్క మాటకు ద్రోణుడంతటివాడు ఆయుధం కింద పెట్టేశాడు. పైగా మన ఊళ్లలో ఇలాంటి మాట బయటపడితే మొదటి వేలు కోడలి వైపే లేస్తుంది. "న బ్రూయాత్ సత్యమప్రియమ్" అన్నారు పెద్దలు. మిత్రుడికి ముందే చెప్పి పెట్టండి, కాగితాలు మీరే పట్టుకెళ్లి ఇవ్వండి.

స్టాఫ్ నర్సు, కరీంనగర్

మాస్టారు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. వారు ఉదహరించిన మనుస్మృతి శ్లోకం అక్కడితో ఆగదు. అప్రియమైన సత్యం చెప్పవద్దన్న వెంటనే "ప్రియం చ నానృతం బ్రూయాత్" అంటుంది, అంటే వినడానికి హాయిగా ఉండే అబద్ధం కూడా చెప్పవద్దని. మౌనంగా ఉండిపోవడానికి ఆ శ్లోకంలో చోటు ఉందేమో గాని, గుండెపోటు అని కల్పించి చెప్పడానికి లేదు.

భారతంలోనే మరో ఘట్టం ఉంది, ఈ సందర్భానికి ద్రోణుడి కథ కన్నా దగ్గరిది. యుద్ధం ముగిశాక కృష్ణుడు ద్వారకకు వెళ్లి తండ్రి వసుదేవుడికి జరిగినదంతా చెబుతూ, ముసలివాడు మనవడి చావును తట్టుకోలేడని అభిమన్యుడి ఊసు దాటవేస్తాడు. అక్కడే ఉన్న సుభద్ర తన కొడుకు చావు కూడా చెప్పమని అడిగి కుప్పకూలుతుంది. వసుదేవుడూ పడిపోతాడు, తేరుకున్నాక తనకెందుకు దాచావని కృష్ణుణ్ణి నిలదీస్తాడు. ఆ తరువాత ఆ తాత అడిగేది, మనవడు వెన్ను చూపి పోలేదు కదా, చివరి ఘడియలో ముఖం వాడిపోలేదు కదా అని. అశ్వమేధ పర్వంలోని ఈ భాగం చదివినప్పుడల్లా మా వార్డు బయట వరండాలో కూర్చున్న తల్లులే నాకు గుర్తుకొస్తారు. పంతొమ్మిదేళ్లుగా చూస్తున్నాను, బిడ్డ పోయాడని తెలిసిన తల్లి అడిగేవి ఇలాంటివే: నొప్పి పడ్డాడా, నన్ను తలిచాడా, పక్కన ఎవరున్నారు? అబద్ధం చెప్పినవాళ్లు వీటిలో ఒక్కదానికీ జవాబు ఇవ్వలేరు, ఎందుకంటే ప్రతి జవాబుకూ ఇంకొక అబద్ధం కావాలి.

మీ అత్తగారి భయం చూడండి. మీరు చెప్పిన గుండెపోటు ఆమెను ఓదార్చలేదు, మనవడి ఛాతీలోకి వెళ్లి కూర్చుంది. పెట్టె గురించి అడిగారంటే ఆమెకు అనుమానం మొదలైనట్టే, ఇక మిగిలింది ఎవరి నోట వింటారన్నదే.

చెప్పే ముందు బావగారి భార్యను అడగండి, ఆమె ఒప్పుకోనిదే అడుగు వేయకండి. పగటిపూట, ఇంట్లో, అత్తగారికి నమ్మకమైన ఒక ఆడమనిషి పక్కన ఉండగా, "ఆత్మహత్య చేసుకున్నాడు" అన్న మాట ఒకసారి స్పష్టంగా చెప్పండి. ఎలా చేసుకున్నాడన్న వివరం మీ అంతట మీరు చెప్పకండి. అప్పు అనీ, జీతం అనీ, కోడలనీ కారణాన్ని ఒక్కచోట కట్టివేయకండి, ఇలాంటి చావుకు కారణం ఒక్కటి ఉండదు. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతున్నది. చట్టం చూపిన ఆ దయను పోయినవాడి మీద మనమూ చూపాలి. ఆ రాత్రీ, ఆ తరువాత కొన్ని రోజులూ ఆమెను ఒంటరిగా వదలకండి. ఆమెకైనా మీకైనా తట్టుకోలేమనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఒక తల్లి, నిజామాబాద్

మా పెద్దబ్బాయి మా తమ్ముడి బండి మీద వెళ్తూ పడిపోయాడని నాకు చెప్పారు. బండి ఎందుకిచ్చావని నేను మూడేళ్లు తమ్ముడితో మాట్లాడలేదు, రాఖీ కట్టలేదు. వాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నిజం నాకు కూరగాయలమ్మే ఆమె నోట తెలిసింది, నాకు ఎప్పుడో తెలుసనుకొని ఆమె మాటవరుసకు అన్నది. ఊరందరికీ తెలుసు, కన్నదాన్ని నాకు తెలియదు. మా వాళ్లు నా మీద ప్రేమతోనే దాచారని ఒప్పుకుంటాను, కానీ తమ్ముడితో పోయిన ఆ మూడేళ్లను ఎవరు తెచ్చిస్తారు?

విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్

శ్లోకంలో రెండో సగం నేను వదిలేసిన మాట నిజమే. ఆ తమ్ముడి సంగతి చదివాక చెప్పవద్దని గట్టిగా అనలేకపోతున్నాను. అయినా కోడలి గురించిన నా భయం పోలేదు. చెప్పేటప్పుడు ఆమె తరఫున నిలబడే మనిషి ఒకరు ఆ గదిలో ఉండి తీరాలి.

మేనల్లుడు, జగిత్యాల జిల్లా

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం చెప్పాము. ముందు బావ భార్యను, అక్కను, అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు, తరువాత "రోజూ ఆమె పక్కనే పండుకొని అబద్ధం మోస్తున్న, చెప్పుండ్రి" అన్నది. మాస్టారు గారి మాట ప్రకారం అక్క పక్కన మా అమ్మ కూర్చుంది.

అత్త అరవలేదు. చాప అంచును వేలితో లాగుతూ కూర్చుంది. కొంతసేపటికి "ఆ రాత్రి బువ్వ తిన్నడా?" అని అడిగింది. నాకు తెలియదు. అక్కడే కూర్చొని క్యాంపు మిత్రుడికి ఫోన్ చేశాను. తొమ్మిది గంటలకు తామందరూ కలిసి తిన్నామనీ, తానే వడ్డించాననీ అతను చెప్పాడు. అదే మాట ఆమె మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

నా మీద, నాన్న మీద ఆమెకు చాలా కోపంగా ఉంది. ఏడు నెలలు తన చేతి అన్నం తింటూ దాచామని అన్నది, ఇంకా నాతో మాట్లాడటం లేదు. అక్కను మాత్రం ఒక్క మాట అనలేదు. మనవడికి తానే చెబుతానన్నది, ఎప్పుడో చెప్పలేదు, మమ్మల్ని ఎవరినీ నోరెత్తవద్దన్నది. మిత్రుడు దసరాకు రాగానే ముందు తన ఇంటికే తీసుకురమ్మని నిన్న అక్కతో కబురు పంపింది.